రెండు గుబుర్లు వదిలేయండి

మేము బెజవాడ మొగల్రాజపురంలో మూడో అంతస్తులో ఉంటాం. బాల్కనీకి ఎదురుగా, చెయ్యి చాస్తే అందీ అందనట్టుగా, పక్క ఆవరణలోని పెద్ద మామిడి చెట్టు తల ఉంటుంది. చెట్టు పక్కింటి పెద్దావిడది. తలను మాత్రం పదకొండేళ్ళుగా నేనే కనిపెట్టుకుని ఉన్నాను. కింద నడిచేవాళ్ళకు అది నీడ. నాకు దాని పూత, పిందె, ఆకులు కుట్టుకుని చీమలు కట్టిన గూళ్ళు, తొర్రలోని ఉడుత, అన్నీ కంటి ఎత్తున ఉంటాయి. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను రాయబోయే పిట్ట నేల మీద నిలబడి తలెత్తి చూసేవాళ్ళకు దాదాపు కనిపించదు. దాని బతుకంతా చెట్ల కొసల్లోనే గడుస్తుంది.

ఫాల్గుణమాసంలో ఒక ఉదయం ఉతికిన బట్టలు ఆరేస్తున్నాను. పిందెలు బఠాణీ గింజలంత ఉన్నాయి. మామిడి కొమ్మల మధ్య, మామిడివి కాని ఆకులు గుబురుగా పెరిగిన చోట, బొటనవేలంత పిట్ట ఒకటి వచ్చి వాలింది. వీపు బూడిద రంగు, అందులో కొంచెం ఆకుపచ్చ ఛాయ. పొట్ట మాసిన తెలుపు. ముక్కు మాత్రం లేత గులాబీ రంగులో, చివర కొద్దిగా వంగి ఉంది. "చిక్, చిక్" అని ఆగకుండా అంటోంది. గుబురులోంచి ఎర్రబారిన పండును ఒకదాన్ని తుంచి, నోట్లో అటూ ఇటూ తిప్పుకుని గుటుక్కున మింగింది. ఆ పండు దాని తలలో సగం ఉంటుంది. ఇంకోటి మింగింది. తర్వాత పక్క కొమ్మకు మారి కాసేపు ఊరికే కూర్చుంది.

నేను చీర కొంగు బిగించి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఐదారు నిమిషాలు గడిచాయేమో. పిట్ట కొమ్మకు అడ్డంగా కూర్చున్నదల్లా కొమ్మ పొడవునా తిరిగింది. తోక కిందికి దించి, వెనకభాగాన్ని బెరడుకేసి ఒక్కసారి రాసి ముందుకు జరిగింది. తీగపాకం వేళ్ళ మధ్య సాగినట్టు సన్నటి జిగురు తీగ సాగి తెగింది. బెరడు మీద తడిగా, లేత ఆకుపచ్చగా ఒక గింజ అతుక్కుని ఉంది. రెండడుగులు ముందుకు జరిగి రెండోది కూడా అలాగే అంటించింది. విత్తనం నాటడమంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. మనిషి కూడా గింజను ఇంత పదిలంగా, పొడుగాటి కొమ్మ మీద జారకుండా పెట్టలేడు.

ఆ గుబురు బదనిక, ఇంకో చెట్టు కొమ్మను పట్టుకుని పెరిగే మొక్క. ఆ పిట్టను ఇంగ్లీషు పుస్తకాల్లో ఫ్లవర్‌పెకర్ అంటారు, అంటే పూలను పొడిచేది. పూలలోని తేనె తాగుతుంది, చిన్న పురుగులను, సాలీళ్ళను తింటుంది, నిజమే. కానీ దాని ప్రాణం పండ్ల మీద, అందులోనూ బదనిక పండ్ల మీద ఉంటుంది. మా ఇంట్లో మా అమ్మ దాన్ని పిచ్చుక పిల్ల అనుకునేది. వీధిలో పిల్లలు తేనెపిట్ట అంటారు. తేనెపిట్ట వేరు, దాని ముక్కు సూదిలా పొడుగ్గా ఉంటుంది. దీనికి నేను బదనిక పిట్ట అని పేరు పెట్టుకున్నాను. ఈ వ్యాసమంతా ఆ పేరుతోనే రాస్తాను. పేరు లేకపోతే మనం దేన్నీ వెనకేసుకురాలేం.

మన దేశంలోని అతి చిన్న పక్షుల్లో ఇది ఒకటి. కొలిస్తే 8 సెంటీమీటర్లు. మామూలుగా బరువు పది రూపాయల బిళ్ళ కంటే తక్కువే. అంత ఒళ్ళు ఉన్న పిట్ట రోజంతా తింటూనే ఉండాలి. బదనిక పండులో గుజ్జు తక్కువ, గింజ పెద్దది. గింజను కడుపులో ఎక్కువసేపు మొయ్యలేదు కాబట్టి త్వరగా బయటికి పంపాలి. ఈ పిట్టల కడుపు నిర్మాణమే అందుకు తగ్గట్టు ఉంటుంది. పురుగులను నలగ్గొట్టే కండరాల సంచి ఒక పక్కకు ఉండిపోతుంది, పండు మాత్రం నేరుగా పేగులోకి జారిపోతుంది. అందుకే గింజ నలగకుండా, మొలకెత్తే శక్తి పోకుండా, జిగురుతో సహా నిమిషాల్లో బయటికి వస్తుంది. ఆ జిగురు వల్ల గింజ తనంతట తాను కింద పడదు. పిట్ట ఒళ్ళు రుద్దుకుని వదిలించుకోవలసిందే. రుద్దుకోవడానికి కొమ్మే దొరుకుతుంది. బదనికకు కావలసిందీ ఆ కొమ్మే. నేల మీద పడిన బదనిక గింజ బతకదు.

మా బట్టల తీగ మీద కూడా రెండు గింజలు అంటించి వెళ్ళింది. తీసెయ్యకుండా ఉంచాను. నాలుగైదు రోజులకు గింజ చివర నుంచి అగ్గిపుల్ల తలంత ఆకుపచ్చ మొన బయటికి వచ్చింది. అది వంగింది. ఇనుప తీగను తాకి, అక్కడ చిన్న బిళ్ళలా వెడల్పై, లోపలికి చొచ్చుకుపోవడానికి ప్రయత్నించింది. బెరడు కాదు, ఇనుము. పది రోజులకు ఎండిపోయింది. అన్నం తినడానికి కూర్చున్నప్పుడు కూడా ఆ మొలకే గుర్తొచ్చేది.

ఇక బదనిక సంగతి. తెలుగులో ఈ మాటకు మర్యాద లేదు. ఇంటికి వచ్చి కదలని చుట్టాన్ని, అన్న సంపాదన మీద బతికే తమ్ముణ్ణి బదనిక అంటారు. ఇంకోవైపు ఫలానా నక్షత్రంలో, ఫలానా చెట్టు బదనిక తెచ్చి గల్లాపెట్టెలో పెడితే కలిసొస్తుందని నమ్మేవాళ్ళు ఉన్నారు. దాన్ని అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు. తిట్టుకీ తాయెత్తుకీ మధ్య, అది ఒక మొక్క అన్న సంగతి మనకు ఎక్కడా తగల్లేదు. అది పూర్తిగా ఒకరి మీద బతికే మొక్క కూడా కాదు. ఆకులు పచ్చగా ఉంటాయి, ఎండ పట్టి తన తిండి తానే వండుకుంటుంది. చెట్టు నుంచి తీసుకునేది నీళ్ళూ, లవణాలూ. మామిడి, వేప, సపోటా, జామ, కానుగ, నిద్రగన్నేరు, ఏ చెట్టయినా దానికి ఒకటే. 400 రకాలకు పైగా చెట్ల మీద దీన్ని చూసినట్టు వృక్షశాస్త్రజ్ఞులు లెక్కరాశారు.

మూడేళ్ళ కిందట వానాకాలం ముందు మా అపార్టుమెంటు సంఘం వాళ్ళు పక్కింటి పెద్దావిడకు ఒక ఉత్తరం ఇచ్చారు. మీ మామిడికి బదనిక పట్టింది, చెట్టు లోపల డొల్లబారి ఉంటుంది, కొమ్మలు విరిగి మా కార్ల మీద పడతాయి, కొట్టించెయ్యండి అని అందులో ఉంది. ఆవిడ ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కి మా ఇంటికి వచ్చింది. ఆయాసపడుతోంది. "ఈ చెట్టు మా అత్తగారు టెంక పెట్టి మొలిపించింది అమ్మా. నిజంగానే పోతుందా? నువ్వు రోజూ చూస్తావుగా" అంది. బదనిక ఐదు గుబుర్లు ఉన్న మాట నిజం. ఒకటి నీళ్ళ బిందె కంటే పెద్దది.

నాకు పిట్ట తెలుసు కానీ చెట్టు వైద్యం తెలియదు. మా మేనమామకు ఫోను చేశాను. ఆయనది నూజివీడు దగ్గర మామిడి తోట. చిన్న రసాలు, బంగినపల్లి, అంచుల్లో కొన్ని కలెక్టర్ మామిడి చెట్లు. మర్నాడు పొద్దున బస్సు దిగి, చేతిసంచిలో కొడవలి పెట్టుకుని వచ్చారు.

మామయ్యకు బదనికంటే మంట. ఆ మంటకు కారణం నాకు తెలుసు. ఒకప్పుడు ఆయన మోకాలి ఆపరేషను అయ్యి రెండేళ్ళు తోట మొహం చూడలేదు. తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారికి ఆ ఏడు కాపుతోనే పని. చెట్లకు ఏం పట్టిందో చూసే అవసరం అతనికి లేదు. మామయ్య తిరిగి లేచి వెళ్ళేసరికి పడమటి వైపు రెండు వరుసల రసం చెట్లు సగానికి సగం బదనికే. ఆకు పచ్చగా కనిపిస్తోంది గానీ అది మామిడి ఆకు కాదు. బదనిక పట్టిన చోటికి అవతల కొమ్మ చిక్కిపోయి ఎండిపోయింది. ఆ వరుసల్లో కాపు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో మా మేనకోడలి చదువు ఫీజులకు ఆయన ఎకరం అమ్మారు. అందుకని నేను పిట్టను చూపించినప్పుడు ఆయన మొహంలో ఏ మెత్తదనమూ కనిపించలేదు.

"ఇదేనా? ఈ చిక్కుచిక్కు పిట్టా? దీని మూలాన్నే నా తోట పోయింది అమ్మాయీ" అన్నారు.

"అవును మామయ్యా, ఇదే" అన్నాను. అబద్ధం చెప్పి దాన్ని కాపాడాలని నాకు లేదు.

ఆయన బాల్కనీలోంచి ఒక ఆకు తెంపి నాకు ఇచ్చారు, ఇంకోటి తాను తెంపారు. నలపమన్నారు. ఒకదానికి మామిడి వాసన వచ్చింది. రెండోదానికి వాసన లేదు, మందంగా, పెళుసుగా ఉంది, విరిస్తే టప్పున విరిగింది. "చీకట్లో కూడా చెప్పగలను, ఇది దొంగ ఆకు" అన్నారు. బదనికను ఊరికే పీకితే లాభం లేదని, అది కొమ్మ లోపల వేళ్ళు పరుచుకుంటుందని, పట్టిన చోటుకి జానెడు కింద కొమ్మనే కొయ్యాలని, పండు పండకముందే కొయ్యాలని చెప్పారు. తర్వాత మెట్లు దిగి చెట్టు చుట్టూ తిరిగారు. మొదలు దగ్గర చాలాసేపు కూర్చున్నారు. వేలితో నేల గీరారు.

అక్కడ నేల లేదు. పెద్దావిడ కొడుకు బండి పెట్టుకోవడానికని చెట్టు మొదలు దాకా సిమెంటు పోయించాడు. గోడ అవతల మురుగుకాలువ తవ్వినప్పుడు ఒక పక్క వేళ్ళు తెగిపోయాయి. మానుకు మూడు మేకులు దిగి ఉన్నాయి, ఎప్పుడో ఏదో బోర్డు వేలాడదీసినవి. మామయ్య మేకుల మీద చెయ్యి పెట్టి, "దీన్ని చంపేది బదనిక కాదు. నీళ్ళు లేవు దీనికి. నీళ్ళు లేని చెట్టుకు బదనిక బరువే, ఒప్పుకుంటాను. కానీ ముందు గొంతు పిసికింది ఎవరో చూడు" అన్నారు.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. అందులో రెండు నిజాలు ఉన్నాయి, రెండూ నాకు ముఖ్యమే. తోటలో బదనిక రైతుకు శత్రువు. కాపు మీద బతికే మనిషికి కొమ్మ ఎండిపోవడమంటే చేతిలో డబ్బు ఎండిపోవడం. ఆయన కొడవలికి నేను అడ్డు చెప్పను, ఎవరు చెప్పినా ఒప్పుకోను. కానీ తోట న్యాయాన్ని తెచ్చి వీధిలో, కాలువగట్టు మీద, గుడి ఆవరణలో, కాలేజీ మైదానంలో అమలు చేస్తున్నాం. అక్కడి చెట్టు నుంచి ఎవరూ కాపు అడగడం లేదు. నీడ కావాలి, గాలి కావాలి, దాని మీద నాలుగు ప్రాణాలు బతకాలి. ఆ కొలతతో చూస్తే ఒకటి రెండు గుబుర్ల బదనిక ఆ చెట్టుకు నష్టం కాదు. ఆ చెట్టు మీద ఉన్న కిరాణా కొట్టు అది.

ఈ మాట నేను పిట్ట మీద ప్రేమతో కల్పించి చెప్పడం లేదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ దక్షిణ భాగంలో డేవిడ్ వాట్సన్, మాథ్యూ హెరింగ్ అనే శాస్త్రవేత్తలు 17 అడవి తునకల్లో బదనిక జాతి మొక్కలను పూర్తిగా తీయించేశారు. పక్కనే ఉన్న కొన్ని తునకలను ముట్టుకోకుండా వదిలేశారు. మూడేళ్ళ తర్వాత పక్షులను లెక్కించారు. తీసేసిన చోట జాతుల సంఖ్య సగటున ఐదో వంతు పడిపోయింది. ఆ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. బదనిక పండు తినే పిట్టలు తగ్గితే అర్థం ఉంది. కానీ ఎక్కువ దెబ్బ తిన్నవి నేల మీద పురుగులు ఏరుకు తినే పక్షులు. ఎందుకంటే బదనిక ఏడాది పొడవునా ఆకు రాలుస్తుంది. మామూలు చెట్టు ఆకు రాల్చేముందు అందులోని సారాన్ని వెనక్కి లాక్కుంటుంది, బదనిక అంతగా లాక్కోదు. సారం ఉన్న ఆకు నేల మీద పడుతుంది, పురుగు చేరుతుంది, పురుగు కోసం పిట్ట వస్తుంది. చెట్టు నుంచి తీసుకున్నదాన్ని బదనిక చెట్టు కిందే పంచిపెడుతోంది. అన్న సంపాదన తిని వీధి వీధంతా అన్నం పెట్టే తమ్ముణ్ణి మీరు ఏమంటారు?

మన దేశంలో ఈ సంబంధాన్ని పట్టి చూసినవారిలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ముందుంటారు. కొంకణ తీరంలో తేనెపిట్టలు, బదనిక పిట్టలు బదనికను ఎలా వ్యాపింపజేస్తున్నాయో ఆయన 1931లో రాశారు. గింజను నాటడం ఒక్కటే కాదు. బదనిక మొగ్గ పొడుగాటి గొట్టంలా ఉండి, ముదిరినా మూసుకునే ఉంటుంది. పిట్ట ముక్కుతో దాని కొసను నొక్కగానే ఠప్పున విచ్చుకుని పుప్పొడి చిమ్ముతుంది. మా బాల్కనీలోంచి మార్గశిరంలో ఇది చూడవచ్చు. పిట్ట నుదుటి మీద పసుపు పూసినట్టు అవుతుంది. పువ్వును తెరిచేదీ, పండును తినేదీ, గింజను నాటేదీ ఒకే ఇంటి పనివాళ్ళు.

ఇప్పుడు బోర్నియో సంగతి చెప్పాలి. ఈ పిట్ట నాకు ఇంతగా మనసుకు పట్టడానికి సగం కారణం అదే.

బదనిక పిట్టల కుటుంబంలో దాదాపు 50 జాతులు ఉన్నాయి. ఎక్కువ భాగం ఆగ్నేయాసియా వర్షారణ్యాల్లో, ఆకాశాన్నంటే చెట్ల కొసల్లో ఉంటాయి. 2009 జూన్‌లో బోర్నియో దీవిలో, మలేషియాకు చెందిన సబా రాష్ట్రంలోని డానమ్ లోయలో, చెట్ల మధ్య కట్టిన వేలాడే వంతెన మీద నిలబడి పక్షులను చూస్తున్న కొందరికి బదనిక గుబురులో ఒక చిన్న బూడిద రంగు పిట్ట కనిపించింది. ఆ వంతెన నేల నుంచి సుమారు 35 మీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే పదకొండో అంతస్తు. కళ్ళకు పైనా కిందా తెల్లటి చారలు, కళ్ళజోడు పెట్టుకున్నట్టు. ఏ పుస్తకంలోనూ అలాంటి పిట్ట లేదు. శాస్త్రానికి పూర్తిగా కొత్త జాతి. ఫొటోలు ఉన్నాయి కానీ చేతికి చిక్కలేదు, చిక్కకపోతే శాస్త్రీయంగా పేరు పెట్టడం కుదరదు. అలా పదేళ్ళు గడిచాయి. 2019లో అదే దీవిలో, సారవాక్‌లోని లాంజక్ ఎంటిమావ్ అభయారణ్యంలో అమెరికాకు చెందిన స్మిత్‌సోనియన్ శాస్త్రవేత్తల బృందం వేరే పక్షుల కోసం కట్టిన వలలో అది అనుకోకుండా పడింది. ఎప్పుడూ కొసల్లో తిరిగే పిట్ట నేల దగ్గరికి ఎందుకు దిగిందో ఏమో. దాని పొట్టలో బదనిక గింజలు దొరికాయి. ఆ అడవులను తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన డయాక్ ప్రజల పేరు మీద దానికి డైసియం డయాకోరమ్ అని పేరు పెట్టారు. మన మామిడి మీది పిట్టదీ అదే డైసియం ప్రజాతి. ఇంటిపేరు ఒకటే.

ఇది చదివిన రోజు నేను బాల్కనీలో నిలబడి చాలాసేపు చెట్టు వైపు చూశాను. ఆ పిట్ట ఇంటిపేరు వాళ్ళను చూడటానికి మనుషులు సముద్రాలు దాటి, ఉక్కు తాళ్ళ వంతెన ఎక్కి, పదేళ్ళు ఎదురు చూశారు. బెజవాడలో వేలమంది రెండో అంతస్తులో, మూడో అంతస్తులో, చెట్ల తలల ఎత్తున కాపురాలు చేస్తున్నాం. ప్రతి బాల్కనీ ఒక వంతెనే. మన ముందు తరాలకు ఈ ఎత్తు లేదు. పెంకుటింటి అరుగు మీద కూర్చున్న మా అమ్మమ్మకు మామిడి చెట్టు అంటే మానూ, కొమ్మలూ, రాలిన కాయలూ. ఈ పిట్ట గొంతు ఆమె విని ఉంటుంది, ఒంటిని చూసి ఉండదు. అపార్టుమెంట్లు కట్టుకుని మనం ఎన్నో పోగొట్టుకున్నాం. ఈ ఒక్క చూపును మాత్రం సంపాదించుకున్నాం. దాన్ని వాడుకోకుండా ఎదురుగా ఉన్న కొమ్మలు మన గ్రిల్‌కు తగులుతున్నాయని కొట్టించేస్తున్నాం.

ఈ పిట్ట అంతరించిపోయే జాతి కాదు కదా, దీనికింత గొడవెందుకని మా వీధిలో ఒక మాష్టారు అడిగారు. కాదు. ఇది దేశమంతా ఉంది, శ్రీలంకలోనూ ఉంది. నేను జాతి గురించి మాట్లాడటం లేదు, మా వీధి గురించి మాట్లాడుతున్నాను. దేశంలో ఉండటం వేరు, మన వీధిలో ఉండటం వేరు. బియ్యం దేశమంతా ఉన్నాయని మన ఇంట్లో డబ్బా ఖాళీగా ఉంచుకోం.

ఆ డబ్బా ఎలా ఖాళీ అవుతోందో చూడండి. రోడ్ల మధ్యా, కొత్త కాలనీల్లోనూ వరుసగా కోనోకార్పస్ నాటారు, ఏడాకుల పాల నాటారు. త్వరగా పెరుగుతాయి, పశువులు ముట్టవు, ఆకు పచ్చగా ఉంటుంది. నిజమే. కోనోకార్పస్ కాయ ఎండిన చిన్న బొడిపె, ఏడాకుల పాల కాయలోంచి వచ్చేది దూది. పండు తినే పిట్టకు ఆ వీధంతా సిమెంటు గోడతో సమానం. నగరం మొత్తానికి చెట్ల సంఖ్య పెరిగిందని లెక్కలు చెప్పవచ్చు, కానీ పిట్ట లెక్క వేరు. దానికి చెట్టు కాదు, పండు కావాలి. ఒక వారం కాదు, ఏడాదిలో ప్రతి వారం.

పండ్ల చెట్లకు మన దగ్గర చోటు లేక కాదు. కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్ళతోనే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచి పారుతున్నాయి. ఇన్ని కాలువగట్లు ఉన్న నగరాలు ఎన్ని ఉన్నాయి? ఆ గట్ల మీద రావి, జువ్వి, మేడి పెంచితే చిలకలకు, కోకిలలకు, కంసాలి పిట్టలకు ఏడాదిలో ఏదో ఒక చెట్టు పండుతూనే ఉంటుంది. బదనిక పిట్టకైతే పిల్లలు సింగపూర్ చెర్రీ అని ఏరుకు తినే చెట్టు ఉంది, దాన్ని మించింది లేదు. ఏడాది పొడవునా కాస్తుంది, చిన్న పండు, తియ్యటి గుజ్జు, ఇసుక రేణువుల్లాంటి గింజలు. ఎవరూ నాటకపోయినా గోడ పగుళ్ళలో మొలుస్తుంది. మునిసిపాలిటీ నర్సరీల్లో దీన్ని పెంచి ఎందుకు పంచరు? నాకు ఈ చెట్టు మీద ఉన్న నమ్మకం మామయ్యకు కూడా చెప్పాను. తోట పొలిమేరకు దూరంగా, ఇంటి దగ్గర నాలుగు సింగపూర్ చెర్రీలు వెయ్యండి, పిట్ట అటు వెళ్తుంది, మీ రసం చెట్ల మీద గింజ అంటించడం కొంతైనా తగ్గుతుంది అన్నాను. ఆయన తల ఊపలేదు, కాదనలేదు. తర్వాత సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూస్తే బావి పక్కన రెండు మొక్కలు ఉన్నాయి.

ఆ రోజు మామయ్య ఏం చేశారో చెప్పాలి. చెట్టెక్కే మనిషిని పిలిపించి ఐదు గుబుర్లలో మూడింటిని కొమ్మతో సహా కోయించారు. బిందె కంటే పెద్దది మొదట పోయింది. అది పెద్ద కొమ్మ మొదట్లో ఉంది, ఉంచితే కొమ్మ మొత్తం పోతుందన్నారు. కోసిన గాట్లకు పేడ, మట్టి కలిపి మెత్తించారు. చివరి కొమ్మల్లో ఉన్న రెండు చిన్న గుబుర్ల దగ్గరికి ఆ మనిషి కొడవలి చాచగానే కింద నుంచి "ఆగు" అన్నారు. పైకి చూసి, బాల్కనీలో ఉన్న నన్ను చూసి, "ఆ రెండూ కొసన ఉన్నాయి, చెట్టు మోస్తుంది. కానీ ఏటా నువ్వు కనిపెట్టి ఉండాలి. కొత్తగా గింజ అంటిస్తే గీకెయ్యాలి. లేకపోతే నాకు చెప్పకు" అన్నారు. పెద్దావిడ కొడుకు చేత మొదలు చుట్టూ మూడడుగుల మేర సిమెంటు పగలగొట్టించారు. మేకులు మాత్రం పీకలేదు, పీకితే ఇంకా గాయమవుతుందట. సంఘం వాళ్ళకు నేనే ఉత్తరం రాసి ఇచ్చాను. ఒకరిద్దరు ఇప్పటికీ ఆ చెట్టు కింద కారు పెట్టరు. అది వాళ్ళ ఇష్టం.

నేను సంఘాలనూ, మునిసిపాలిటీనీ, కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టేవాళ్ళనూ అడిగేది కూడా అంతే. చెట్టుకు బదనిక పట్టిందని మొత్తం చెట్టు మీద తీర్పు చెప్పకండి. పెద్ద కొమ్మ మీద ఉంటే కొయ్యండి. తీగలకు తగిలితే కొయ్యండి. చెట్టు బలహీనంగా ఉంటే ముందు మొదట్లో సిమెంటు తియ్యండి, నీళ్ళు దిగనివ్వండి. కొసన రెండు గుబుర్లు వదిలేయండి.

మామయ్యకు ఇచ్చిన మాట ప్రకారం మూడు వేసవులుగా గింజలు గీకుతున్నాను. ఈ చైత్రంలో బాల్కనీకి దగ్గరగా ఉన్న కొమ్మల మీద పద్నాలుగు దొరికాయి. అందనివాటికి దోటి చివర చెంచా కట్టుకున్నాను. కొన్నిటికి అప్పుడే ఆకుపచ్చ మొన వచ్చి, వంగి, బెరడును వెతుక్కుంటోంది. వాటిని గీకేటప్పుడు చెయ్యి తడబడుతుంది. ఇనుప తీగ మీద ఎండిపోయిన మొలక గుర్తొస్తుంది. ఇవి చేరవలసిన చోటికే చేరాయి, నేనే తీసేస్తున్నాను. అయినా గీకుతాను. పెద్దావిడ అత్తగారి చెట్టు అది.

ఆ జిగురు సబ్బుతో పోదు. పనస తొనలు వలిచినప్పటిలా కొబ్బరినూనె రాసుకుని వేళ్ళు రుద్దుకుంటూ బాల్కనీలోనే కూర్చున్నాను. గుబురులోంచి "చిక్, చిక్" వినిపించింది. నేను గీకి శుభ్రం చేసిన కొమ్మ మీదకే వచ్చి వాలింది. కాసేపు అడ్డంగా కూర్చుంది. తర్వాత కొమ్మ పొడవునా తిరిగి, తోక దించింది.